హాస్యశృంఖలాకవిత్వము — మన సమస్యాపూరణము

జపానుదేశమున 17వ శతాబ్దిని ప్రబలిన ‘హైకై’ యను హాస్యపద్యశృంఖల మన సమస్యాపూరణమువంటిదే యని తోచవచ్చును. విచారింపగా భేదము గన్పట్టును. పూరణమున సమస్యాపాదము ముందే నిలిచియుండును. కవి దాని విరోధమును బరిహరింపగనే పద్యము ముగియును. అచ్చట నొకరు పదునేడు మాత్రల ఖండము చెప్పగా వేరొకరు పదునాలుగు మాత్రలది చేర్తురు. మూడవవాడు రెండవదానితో నన్వయించుచు మొదటిదానిని విడువవలయును. హాస్యమంతయు నీ మలుపునందే కలదు.

తేయితొకు (1571–1654) ఆస్థానశృంఖలలో నిషిద్ధములైన వాడుకమాటలను గ్రహించి వానికి నియమములు గూర్చెను. సోయిన్ (1605–1682) శాఖవారు వానిని సడలించిరి. వారిలో సైకాకు 1684లో నొక్క యహోరాత్రమున 23,500 ఖండములు చెప్పెనట. లేఖకులు వ్రాయజాలక ప్రథమఖండము మాత్రము మిగిలినది! బషో (1644–1694) వేగమును విడిచి, ఖండముల నడుమ పరిమళమువలె వ్యాపించు సంబంధమును గోరెను.

తిరుపతి వేంకటకవులకును గొప్పరపు సోదరకవులకును నడచిన వివాదమున గూడ ధారావేగము గొప్ప ప్రశ్నయే. అందు హాస్యలక్షణ మేమను విచారము ప్రధానము గాలేదు. కనుక మనకు బక్షము లేర్పడినవి గాని హాస్యమున శాఖ లేర్పడలేదు. అవధానమున హాస్యమునకు నియతస్థానము అప్రస్తుతప్రసంగము. అది పద్యమున కెడమగానే యుండును. నా యభిప్రాయమున శృంఖలకు సన్నిహితమైనది సమస్య గాదు, నిషేధాక్షరి: పృచ్ఛకుడు ప్రతియక్షరమునను దారి మూయుచుండ, కవి యప్పటికప్పుడు వేఱుదారి బట్టుచుండును.