మస్టర్ రోలు చదివే ప్రొఫెసర్

ప్రభుత్వ విధానాల మీద పనిచేసే అధ్యాపకులు అనగానే నాకు జీన్ డ్రెజ్ గుర్తొస్తారు. 1959లో బెల్జియంలో పుట్టి, ఇరవయ్యేళ్లకే ఇండియా వచ్చి, ఢిల్లీలో పీహెచ్‌డీ చేసి, 2002లో ఇక్కడి పౌరుడయ్యారు. అమర్త్యసేన్‌తో కలిసి ఆకలి మీద రాసిన పుస్తకం 1989లో వచ్చింది.

పుస్తకాల కన్నా ఆ వృత్తిలో నేను మనసారా మెచ్చేది సర్వే పని. ఉపాధి హామీ కూలీల హాజరు పట్టీ, అంటే మస్టర్ రోలులో, ఒకావిడ పన్నెండు రోజులు పనిచేసినట్టు ఉందనుకోండి. ఆమె గుమ్మం దగ్గర కూర్చుని జాబ్‌కార్డు అడిగి చూడాలి. "పని దొరుకుతోందామ్మా?" అంటే మొహమాటానికి దొరుకుతోందనే చెబుతుంది. "పోయిన నెల ఎన్ని రోజులెళ్లావు? చేతికెంతొచ్చింది?" అంటే వేళ్లు మడిచి లెక్క చెబుతుంది. ఏడు రోజులే అంటే, మిగతా అయిదు రోజుల కూలి ఎవరు తిన్నారో కూపీ లాగాలి. ఇలా గడప గడపా తిరిగితేగానీ నివేదికలో ఒక్క పట్టిక తయారవదు. ఎంత ఓపిక కావాలి!

ఉపాధి హామీ చట్టం తొలి ముసాయిదాలో డ్రెజ్ చెయ్యి ఉంది. 2005లో చట్టమైంది. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. గ్రామసభే లెక్కలు చూసే సామాజిక తనిఖీని చట్టంలోనే రాశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని శ్రద్ధగా ఊరూరా నడిపింది. కూలీల ఎదుటే మస్టర్లు పైకి చదివించారు. డ్రెజ్ తర్వాత రాంచీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూనే, విద్యార్థులను వెంటబెట్టుకుని రేషన్ షాపుల సర్వేలకు తిరిగారు.