పేరు మనది, పట్టిక ఎవరిది?

ముస్లింలను లెక్కపెట్టడంలో ఈ దేశం ఎన్నడూ బద్ధకించలేదు. ఓటర్ల జాబితాలో ఉన్నాం. రేషన్ కార్డుల జాబితాలో ఉన్నాం. బీసీ కమిషన్ల నివేదికల్లో, జనాభా లెక్కల్లో, పోలీసు స్టేషన్ రిజిస్టర్లలో ఉన్నాం. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలితే, ఆ తర్వాత ఎత్తుకుపోయిన కుర్రాళ్లు ఎక్కింది కూడా ఒక జాబితాలోకే. వాళ్లు నిర్దోషులని తేలేసరికి చదువు పోయింది, కొలువు పోయింది, వయసు పోయింది. ఇన్ని జాబితాల్లో ఒక్కటైనా మనం రాసుకున్నదా? గళ్లు గీసింది వేరేవాళ్లు. వాటిలో ఒదిగి కూర్చున్నది మనం.

తమాషా ఏమిటంటే జాబితా అన్న మాటే మన దిక్కు నుంచి తెలుగులోకి వచ్చింది. జిల్లా, తాలూకా, తహసీలు, దస్తావేజు - అన్నీ ఉర్దూ, ఫారసీ, అరబీ దారిన వచ్చినవే. రాయడానికి మాటలు మనవి. రాసే చెయ్యి మాత్రం మనది కాదు.

మనవాళ్ల వివరాలన్నీ ఒకచోట చేర్చి వెబ్‌సైటులో డైరెక్టరీగా పెడదామన్న మాట సంఘాల్లో వినబడుతూనే ఉంటుంది. బూర్గంపాడు ప్రాంతపు ముస్లింల కోసం అలాంటి డైరెక్టరీ ఒకటి తయారు చేయాలనుకుందాం. అందులో ఏమేం గళ్లుండాలి? కంప్యూటరు తెలిసిన కుర్రాడు ఒక్క రాత్రిలో తేల్చేసే పని ఇది అనుకుంటే పొరపాటు. డైరెక్టరీ కూడా ఒక రచనే. కవితను అడిగినట్టే దాన్నీ అడగాలి: ఇందులో మాట్లాడుతున్నది ఎవరు? ఎవరితో? ఎవరి నోరు మూసి?

ముందు, అసలు ఇది కావాలా అన్న ప్రశ్న. కావాలి. గోదావరి అవతల భద్రాచలం ఉంది. ఆ ఊరి కథలో ముస్లింకు చోటుంది. కానీ ఏ చోటు? గోపన్నను చెరలో పెట్టించి, ఆ తర్వాత విడిపించిన తానీషాగా. ఏటా శ్రీరామనవమికి సర్కారు పంపే ముత్యాల తలంబ్రాల ఆనవాయితీ ఆయనతోనే మొదలైందని చెప్పుకుంటారు. మంచిదే. కాని సింహాసనం మీద కూర్చున్న ముస్లిం ఒక్కడే జ్ఞాపకం ఉండి, మిషన్ తొక్కే సాయిబు, పంక్చర్లు వేసే సాయిబు, పరుపులు కుట్టే దూదేకులాయన, బీడీలు చుట్టే బీబీ ఏ కథలోనూ లేకపోతే ఎట్లా? సుల్తానుకు చరిత్ర ఉంది. సాయిబుకు కనీసం ఒక వరుసైనా ఉండొద్దా?

ఇక గళ్ల సంగతి. మొదటిది చిరునామా. మామూలు ఊళ్లో ఇది అన్నిటికన్నా తేలిక. బూర్గంపాడులో ఇదే అన్నిటికన్నా కష్టం. ఊరి పేరే రెండు రకాలు. జనం నోట బూర్గంపాడు, సర్కారు కాగితం మీద బూర్గంపహాడ్. ఒకటి తెలుగు పాడు, ఇంకొకటి ఉర్దూ పహాడ్. 2004 ఎన్నికల దాకా బూర్గంపహాడ్ పేరుతో శాసనసభ నియోజకవర్గం ఉండేది. 2009 నుంచి అది పినపాక అయింది. 1953లో ఖమ్మం జిల్లా పుట్టేదాకా ఇదంతా వరంగల్ జిల్లా. 2014లో తెలంగాణ వచ్చింది, దానికి కొద్ది రోజుల ముందే పోలవరం ముంపు పేరుతో ఆర్డినెన్సు వచ్చింది. మండలం రెండు ముక్కలయింది. బూర్గంపాడు, సారపాక తెలంగాణలో ఉండిపోయాయి. ఇబ్రహీంపేట, గణపవరం, రావిగూడెం, సీతారామనగరం వంటి ఊళ్లు ఆంధ్రలోకి పోయాయి. ఇవతలి వైపు 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. అవతలి వైపు ముందు పశ్చిమ గోదావరి, 2022లో ఏలూరు.

ఇబ్రహీం పేరు పెట్టుకున్న ఊరు, సీతారాముల పేరు పెట్టుకున్న ఊరు ఒకే కలంపోటుతో ఒకే దిక్కుకు పోయాయి. మనిషి ఇల్లు కదలలేదు. చిరునామా మాత్రం మూడు సార్లు కదిలింది. ఇప్పుడు డైరెక్టరీలో 'రాష్ట్రం', 'జిల్లా' అని గళ్లు పెడితే ఏమవుతుంది? అన్న ఒక పేజీలో, చెల్లె ఇంకో పేజీలో పడతారు. సర్కారు గీసిన గీతను మన చేత్తో మనమే మళ్లీ గీసినట్టు. అందుకే చిరునామాకు వేరే గళ్లు కావాలి: పుట్టిన ఊరు, ఇప్పుడున్న ఊరు, పెద్దల ఖబర్లున్న ఊరు. ముంపు కింద లెక్కేసిన ఊరివాడికి ఆ మూడోది ఉత్త సెంటిమెంటు కాదు. రేపు నీళ్లు నిలిస్తే ఆ చిరునామా ఇంకెక్కడా మిగలదు.

రెండోది పేరు. వెబ్‌సైటు ఫారాలు 'మొదటి పేరు, ఇంటిపేరు' అని అడుగుతాయి. ఇంటిపేరు లేని మనిషి ఏం రాయాలి? షేక్, సయ్యద్, మహమ్మద్ అన్నవి ఇంటిపేర్లనుకుని యంత్రం వరస పేరిస్తే సగం పుస్తకం 'షేక్' కిందనే పడుతుంది. ఆ మహమ్మద్ ఒక కాగితంలో మొహమ్మద్, ఇంకో కాగితంలో మహ్మద్, మూడోదాంట్లో ఎండీ. ఈ తేడా చిన్నదని నవ్వేవాళ్లు అస్సాం వైపు చూడాలి. 2019 ఆగస్టు 31న వెలువడిన పౌర జాబితాలో 19,06,657 మంది పేర్లు లేవు. కాగితానికీ కాగితానికీ పేరులో తేడా ఉందని ట్రిబ్యునళ్ల చుట్టూ తిరిగినవాళ్లు అక్కడ ఎందరో.

ఇంకో సంగతి. మన తెలుగు పల్లెల్లో సైదులు ఉన్నాడు, మస్తానమ్మ ఉంది, నాగుల్ మీరా ఉన్నాడు. ఇవి ముస్లిం పేర్లు కావని మనలోనే ముక్కు విరిచేవాళ్లున్నారు. డైరెక్టరీ రాసేవాడు సైదులును 'సయ్యద్ అలీ' అని దిద్దాడంటే వాడు గుమాస్తా కాదు, పోలీసు. పేరు ఎట్లా పిలిపించుకుంటారో అట్లానే రాయాలి. షేక్ యూసుఫ్ బాబా అనే కవి స్కైబాబ అని రాసుకున్నాడు. 1998లో 'జల్‌జలా' తెచ్చినా, 2004లో 'వతన్' తెచ్చినా ఆ పేరుతోనే తెచ్చాడు. ఎవరి పేరుకు వాళ్లే యజమానులు.

మూడోది బిరాదరీ. ఇక్కడ మనవాళ్లు ఇబ్బంది పడతారు. 'ఇస్లాంలో కులం లేదు' అంటారు. మతంలో లేదు సరే, మనుషుల్లో లేదా? దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ బీసీ-బి. మెహతర్ బీసీ-ఎ. 2007 చట్టంతో వచ్చిన నాలుగు శాతం బీసీ-ఇలో షేక్, ఖురేషీ, హజామ్, ఫకీర్, ధోబీ, అత్తరు సాయిబులు, గారడీ ముస్లింలు, తురక కాశలు ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ లేరు. ఆ చట్టాన్ని 2010లో హైకోర్టు కొట్టేస్తే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు నిలబెట్టింది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో బయటపెట్టిన కులసర్వే ప్రకారం ముస్లింలు 12.56 శాతం. అందులో 10.08 శాతం బీసీలు, 2.48 శాతం ఓసీలు. అంటే ప్రతి ఐదుగురిలో నలుగురు బీసీలు. మరి మన తరఫున మాట్లాడే వేదికల మీద ఆ లెక్క ఎందుకు కనబడదు?

'అందరం ముస్లింలమే, బిరాదరీ గడి ఎందుకు' అనే మాట ఎక్కువగా ఎవరి నోటినుంచి వస్తుందో గమనించండి. గడి లేకపోయినా తనకు నష్టం లేనివాడి నోటినుంచే. హిందూ సమాజంలో అగ్రకులస్తుడు 'కులమెందుకండీ' అంటే మనం నవ్వుకుంటాం. అదే పాట మన ఇంట్లో పాడితే చప్పట్లు కొడదామా? గడి ఉండాలి. కాని అది ఖాళీగా వదిలే హక్కుతో ఉండాలి. కత్తెర పట్టే పని నుంచి బయటపడిన మనిషిని డైరెక్టరీ మళ్లీ ఆ కుర్చీ దగ్గరికే లాక్కుపోగూడదు.

ఇట్లాంటి పుస్తకం మనకు ఇంతకు ముందు లేకపోలేదు. సయ్యద్ నశీర్ అహమ్మద్ 2010లో 'అక్షర శిల్పులు' తెచ్చారు. తెలుగులో రాసే ముస్లింలు 300 మందికి పైగా అందులో ఉన్నారు. 'తెలుగులో ముస్లిం రచయితలెక్కడున్నారు' అని అడిగే సాహిత్య పెద్దలకు అది పుస్తకమంత జవాబు. అందులో నాకు నచ్చిన గళ్లు రెండు. ఒకటి, తండ్రి పేరుతో పాటు తల్లి పేరు కూడా ఇవ్వడం. తండ్రి లేదా భర్త పేరు లేకుండా ఆడమనిషిని గుర్తుపట్టలేని సర్కారు ఫారాల పక్కన ఇది చిన్న సంగతి కాదు. రెండు, 'లక్ష్యం' అనే గడి. ఎందుకు రాస్తున్నావని మనిషిని అడిగి, ఆ మనిషి మాటనే అచ్చు వేయడం. ఏ సర్వే ఈ ప్రశ్న అడిగింది?

కాని అందులో చిరునామాలు, ఫోను నంబర్లు కూడా ఉన్నాయి. చేతినుంచి చేతికి మారే పుస్తకంలో అది స్నేహం. అదే పుస్తకం తర్వాత వికీసోర్సులోకి ఎక్కింది. అక్కడ చదివేవాడు ఎవడో, ఎందుకు వెతుకుతున్నాడో ఎవరికి తెలుసు? పుస్తకాన్ని తప్పుపట్టి లాభం లేదు, కాలం మారింది. డైరెక్టరీ వేసేవాళ్లు ఆ మార్పును చూడాలి.

ఎందుకు చూడాలో మూడు ఉదాహరణలు చాలు. 2002 గుజరాత్‌లో మూకల చేతుల్లో ముస్లింల ఇళ్లు, దుకాణాల వివరాలున్న కంప్యూటర్ ప్రింట్లు ఉన్నాయని హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక రాసింది. 2021 జులైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరిలో 'బుల్లీ బాయి' అనే యాప్‌లు ముస్లిం ఆడవాళ్ల ఫొటోలు ఇంటర్నెట్లోంచి దొంగిలించి వేలానికి పెట్టాయి. చదువుకున్న, మాట్లాడగలిగిన ఆడవాళ్లనే ఏరుకున్నాయి. మూడోది పాతది, దూరపుది. నెదర్లాండ్స్‌లో జనాభా రిజిస్టర్లలో మతం కూడా రాసి ఉంచేవారు. ఏ దురుద్దేశమూ లేకుండా, పద్ధతిగా. నాజీలు వచ్చాక యూదులను పట్టుకోవడానికి ఆ పద్ధతే పనికొచ్చింది. 1943 మార్చి 27న కొందరు కళాకారులు, రచయితలు కలిసి ఆమ్‌స్టర్‌డామ్ రిజిస్టరు కార్యాలయాన్ని పేల్చారు. కార్డుల్లో కొంత భాగమే నాశనమయింది. వాళ్లలో 12 మందిని కాల్చి చంపారు. జాబితాను తగలబెట్టడానికి కవులు ప్రాణాలివ్వాల్సి వచ్చిన రోజు కూడా లోకంలో ఉంది.

అయితే భయపడి పేరే రాసుకోవద్దా? అది వాళ్లకు కావలసినదే. సెక్యులర్ మిత్రులు కొందరు ఇంకో మాటంటారు: 'మతం పేరుతో డైరెక్టరీ ఏమిటి, అది మతతత్వం కాదా?' కుల సంఘాలకు హాస్టళ్లున్నాయి, కల్యాణ మండపాలున్నాయి, అమెరికా దాకా డైరెక్టరీలున్నాయి. వాటిని అభివృద్ధి అన్నవాళ్లు మన దగ్గరికి వచ్చేసరికి నిఘంటువు మార్చకండి. రక్తం అవసరమైనప్పుడు, పిల్లకు కాలేజీ సీటు వివరం కావలసినప్పుడు, పరాయి ఊళ్లో మయ్యత్ అయినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో తెలియడం మతతత్వం కాదు.

కాని ఒక హద్దు మనమే గీసుకోవాలి. ఇది ఏజెన్సీ. ఇక్కడ భూమి విషయంలో 1/70 చట్టం ఉంది. ఆ చట్టం లెక్కలో ముస్లిం గిరిజనేతరుడు. పట్నంలో మైనారిటీ అయినవాడు కోయగూడెం పక్కన గిరిజనేతరుల గుంపులో భాగం. మన డైరెక్టరీ మన బలం చూపించే అంకెగా మారి కోయవాళ్ల హక్కు మీదికి పోతే, మనం ఎవరిమీద ఫిర్యాదు చేస్తున్నామో వాళ్లలాగే తయారవుతాం. అస్తిత్వం అంటే మన గాయం ఒక్కటే గుర్తుండటం కాదు.

అందుకని నా ప్రతిపాదన ఇది. ఎవరి వరుస వాళ్లే రాయాలి. రాయలేనివాళ్లు చెబితే రాసి, చదివి వినిపించి ఒప్పుకోలు తీసుకోవాలి. ఇంట్లో ఒక్క మగాడు అందరి పేర్లూ ఇచ్చే పద్ధతి వద్దు. ఆడమనిషి వరుస ఆడమనిషిదే, ఫొటో పెట్టాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. పేరు, పని, ఊరు మాత్రమే అందరికీ కనబడాలి, అదీ ఒప్పుకున్నవాళ్లవే. ఫోను నంబరు, బిరాదరీ లోపల ఉండాలి. కావలసినవాడు అడగాలి, ఉన్నవాడు సరేనంటేనే ఇవ్వాలి. వద్దన్న రోజే పేరు తీసేయాలి, కారణం అడగకుండా. ఏటా ఒకసారి ఉందామా అని మళ్లీ అడగాలి. తాళం ఒక్క నాయకుడి దగ్గర ఉండకూడదు. ఎన్నికలప్పుడు ఏ పార్టీకీ ఇవ్వకూడదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. సర్కారును ఏ హక్కు అడుగుతున్నామో, మన సంఘం ముందు మన మనిషికి ఆ హక్కు ఇవ్వాలి కదా.

ఇట్లా చేస్తే పట్టిక చిన్నదవుతుందంటారు. కానివ్వండి. బలవంతంగా నింపిన వెయ్యి వరుసలకన్నా తన చేత్తో రాసుకున్న నలభై వరుసలు నయం. మనల్ని మొత్తంగా లెక్కపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరినీ అడిగి రాసేవాళ్లే ఇంకా రాలేదు.