సీరంలో ఒక్క ప్రోటీన్ కోసం

ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఒకసారి ఒంట్లో చేరితే బి లింఫోసైట్లలో జీవితాంతం నిద్రాణంగా ఉండిపోతుంది. ప్రయోగశాలలో పెంచే అలాంటి కొన్ని కణాల్లో వైరస్‌ను మేల్కొలిపే గుణం సీరంకు ఉందని 1980లలో గమనించారు. ఆ పని చేసే ప్రోటీన్‌ను వేరుచేయడం ఓపికకు పరీక్షే. లీటరు సీరంలో 60–80 గ్రాముల ప్రోటీన్లుంటాయి, సగానికి పైగా ఆల్బుమినే. కావలసింది మాత్రం లేశమంత.

ముందు అమ్మోనియం సల్ఫేట్ కొద్దికొద్దిగా కలుపుతారు. గాఢత పెరిగేకొద్దీ ఒక్కో రకం ప్రోటీన్ అడుగుకు దిగుతుంది. డయాలిసిస్‌తో ఉప్పు వదిలించి, విద్యుదావేశాన్ని బట్టి ఒక కాలమ్‌లో, పరిమాణాన్ని బట్టి మరో కాలమ్‌లో విడదీస్తారు. ప్రోటీన్ చెడకుండా ఇదంతా చల్లగానే సాగాలి.

అసలు నేర్పంతా పరీక్షలో ఉంది. కాలమ్‌ల నుంచి ఒక్కో గొట్టంలోకి పట్టిన ద్రవాన్ని వైరస్ దాగిన కణాలకు కలిపి, రోజుల తరబడి ఆగి, ఫ్లోరసెంట్ యాంటీబాడీలతో వెలిగిన కణాలను మైక్రోస్కోపు కింద లెక్కిస్తారు. ప్రతి మెట్టులోనూ కొంత సరుకు పోతుంది. మిల్లీగ్రాముకు క్రియాశీలత ఎంత పెరిగిందన్నదే శుద్ధికి కొలత. చివరకు జెల్‌లో ఒకే పట్టీ కనిపించినా చాలదు, అక్కడినుంచి తీసిన ప్రోటీన్ వైరస్‌ను లేపుతోందో లేదో మళ్లీ కణాలపైనే తేల్చుకోవాలి.