ముఖచిత్రం – ఉద్దిష్ట పాఠకుడు : కృష్ణా డెల్టా నేపథ్యంలో ఒక పరిశీలన

తెలుగు పత్రికలపై జరిగిన పరిశోధనలో సంపాదకీయాలకు, ధారావాహికలకు దక్కిన స్థానం ముఖచిత్రానికి దక్కలేదు. దానిని కేవలం అలంకారంగా భావించడమే ఇందుకు కారణం. నిజానికి పత్రిక తన పాఠకుణ్ణి ఎవరిగా ఊహించుకున్నదో చెప్పే తొలి సాక్ష్యం ముఖచిత్రమే.

కొనేవారి అభిరుచినెరిగి రూపకల్పన చేయడం కృష్ణాతీరానికి కొత్త కాదు. మచిలీపట్నం కలంకారీ పనివారు పారశీక విపణికి తగిన లతలను, పూలను అచ్చులలో చెక్కారు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు అమృతాంజనం వ్యాపారంలో విపణి స్వభావాన్ని గ్రహించినవారు. అయినా 1924లో స్థాపించిన ‘భారతి’లో ఆయన పాఠకుని అభిరుచిని అనుసరించడంతో తృప్తి చెందక, వర్ణచిత్రాల ముద్రణ ద్వారా దానిని పెంపొందించారు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయ వద్ద అడివి బాపిరాజు వంటివారు చిత్రకళను అభ్యసించిన కాలమూ ఇంచుమించు అదే.

1947 జూలైలో తెలుగు, తమిళాలలో వెలువడిన ‘చందమామ’ సమస్య వేరు. ఒకే చిత్రం భిన్న భాషల పిల్లలను పలకరించాలి. అందుకే అందరికీ పరిచితమైన పురాణఘట్టం, ఒక్క చూపులో అర్థమయ్యే ఒకే క్రియ అక్కడ ప్రధానమయ్యాయి. అదే పత్రికకు ముఖచిత్రాలు గీసిన వడ్డాది పాపయ్య, వయోజనుల ‘యువ’కు వచ్చేసరికి కథను వెనక్కి నెట్టి స్త్రీమూర్తిని, ప్రకృతిని, భావస్థితిని ముందుకు తెచ్చారు. కుంచె ఒక్కటే, మారినది పాఠకుడు. కనుక ఈ భేదాన్ని చిత్రకారుని శైలీపరిణామంగా మాత్రమే వివరించడం సరికాదు.

పాఠకుని ఊహించుకోవడంలో కొందరిని విస్మరించడమూ ఉంటుంది. రాజప్రాసాదాల ఆ పురాణలోకానికి దివిసీమ పడవవాని బిడ్డ ప్రేక్షకుడే గాని పాత్ర కాడు. ఆ చిత్రాలు అతనినీ ఆకర్షించగలవు; కాని ఆకర్షణ వేరు, ప్రాతినిధ్యం వేరు. విమర్శ ఈ రెంటినీ విడదీసి చూడాలి.

ఈ పరిశీలనకు ఆధారాలే కరవవుతున్నాయి. సంచికలను సంపుటాలుగా కుట్టేటప్పుడు అట్టలను తొలగించే అలవాటు గ్రంథాలయాలలో ఉంది. లోపలి రచన మిగులుతుంది. అది ఎవరినుద్దేశించినదో తెలిపే ముఖం పోతుంది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల ఇళ్లలోను, గ్రామ గ్రంథాలయాలలోను అట్టలతో మిగిలిన సంచికలను గుర్తించి భద్రపరచడం మన శాఖల తక్షణ కర్తవ్యం.