ముందు తీయుట నేర్వవలెను

ఆషాఢమాసమున మన యిండ్లలో ఆడపిల్లలు పెట్టుకొనిన గోరింటాకు అరచేతులయందు రెండు మూడు వారములకే వెలిసిపోయినను, గోళ్లపై మాత్రము చెక్కుచెదరక నిలిచి, మూలమున తెల్లని చంద్రవంకను విడిచి, నెలనెలకు కొంచెము కొంచెముగా ముందుకు జరిగి, కార్తీకమునాటికి గోటికొనయందు ఎఱ్ఱని గీతగా మిగులుట తెలుగు స్త్రీలందఱు ఎఱిగిన విషయమే. ఆ యాకులోని లాసోన్ అను వర్ణద్రవ్యము గోటిలోని కెరటిన్‌తో గాఢముగా కలిసిపోవుటచేత అది కడిగిన పోదు; గోరు పెరిగి కత్తిరింపబడినప్పుడే పోవును. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును గనుక మూలమునుండి కొనవఱకు చేరుటకు దాదాపు 6 నెలలు పట్టును. కాలి బొటనవ్రేలి గోటికి సంవత్సరమైనను, అంతకంటె అధికమైనను కావలెను.

నెయిల్ టెక్నీషియన్ వృత్తిని నేర్చుకొన వచ్చు బాలికలకు నేను మొదటి దినమున రంగుసీసాలు చూపక ఈ లెక్కనే చెప్పుదును. ఏలయన, మన కంటికి కనబడు గోటిపలక జీవములేని పొరల సముదాయము. చర్మము చీరుకొనిన మానును గాని, ఆకురాయితో ఒక్క క్షణము అధికముగా ఒత్తుటచే పలుచబడిన గోరు మానదు. ఆ పలుచని భాగము కొనకు జరిగి రాలిపోవువఱకు, అనగా మాసములకొలది, ఆ చేతిని నమ్మి మన యెదుట చాచిన స్త్రీ దానిని భరింపవలసి యుండును. ఇతర విద్యలయందు విద్యార్థి చేసిన తప్పు తుడిచిన పోవును. ఇందు మాత్రము అది మఱియొకరి శరీరమున అర్ధసంవత్సరము నివసించును. ఈ యొక్క కారణముచేతనే గోళ్లపనికి సాధన యనునది వేఱొక గౌరవముతో చూడదగిన విషయమని నా దృఢవిశ్వాసము.

కాని నేడు సాధన యనగానే విద్యార్థినుల మనస్సు పూవులవైపునకు, మెఱుపులవైపునకు పోవుచున్నది. నిమిషములో ముగియు వీడియోయందు ఎవరో సన్నని కుంచెతో గులాబీని దిద్దుట చూచి, ఆ సాయంకాలమే తామును దిద్దవలెనని తొందరపడుదురు. కోన్‌తో గోరింటాకు పెట్టుట యెఱిగిన పిల్లలకు గీత యదుపులోనుండుట నిజమే; వారు ఈ చిత్రములను త్వరగా పట్టుకొందురు. ఐనను, గులాబీ గోటికి హాని చేయదు, మేలును చేయదు. దాని క్రిందనున్నదానిని సిద్ధపఱచినది ఎవరు, ఎట్లు అనునదే అడుగవలసిన ప్రశ్న. సంగీతము నేర్చు బాలిక కీర్తనతో ఆరంభింపక సరళీవరుసలను మూడు కాలములయందు సాధించి కంఠమును స్థిరపఱచుకొనునట్లే, ఈ బాలికయు ఒక్కొక్క చలనమును విడదీసి, దాని నొక్కదానినే మఱలమఱల చేసి, చేతికి వశము చేసికొనవలెను.

ఆ చలనములలో మొదటిది చేతిని ఆనించుట. మోచేయి బల్లపై నానవలెను. కుంచెను గాని ఆకురాయిని గాని పట్టిన చేతి చిటికెనవ్రేలు, రెండవ చేతిపై నానికగా నిలువవలెను. ఈ యానిక లేని చేయి ఎంత నేర్పుగలదైనను వణకును. పిమ్మట ఆకురాయి. కఱ్ఱపుల్లలకు అంటించిన ప్లాస్టిక్ గోళ్లను, అనగా టిప్పులను, వరుసగా నిలిపి, పదింటిని ఒకే కొలతకు, ఒకే యాకారమునకు, చతురస్రమునకో, అండాకారమునకో, బాదంపలుకు రూపునకో తీర్చుట మంచి సాధన. ఒక్కటి చక్కగా వచ్చుట యదృష్టము కావచ్చును గాని, పదియు సమానముగా వచ్చుట యదృష్టముచే జరుగదు. ఆకురాళ్లయందు అంకె తగ్గినకొలది గరుకుదనము హెచ్చునని, 100 అంకె గలది అక్రిలిక్‌తో కట్టిన కృత్రిమగోటిపైననే గాని సహజమైన గోటిపై వాడరాదని, 180, 240 అంకెలు గలవి గోటికొనకు తగినవని విద్యార్థిని చూడకుండ వ్రేలితో తాకియే చెప్పగలుగవలెను.

అక్రిలిక్ పూసను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది, ఏలయన నా తరగతిలో కన్నీరు పెట్టించునది ఇదియే. కుంచెను మోనోమర్ ద్రవమున ముంచి, పాత్ర యంచున కొంత వదిలించి, పొడిలో కొనను తగిలించి వెనుకకు లాగగా, కొనయందొక పూస కట్టును. ఆ పూసయందు ద్రవమెంత, పొడి యెంత యనునదానిపై సర్వమును ఆధారపడియున్నది. ద్రవ మెక్కువైనచో పూస నిలువక పాఱి చర్మమును తడుపును; అది కేవలము అసహ్యమే కాదు, ఎలర్జీకి ద్వారము. పొడి యెక్కువైనచో పూస ముద్దకట్టక గరుకై, గోటికి సరిగా నంటక, పదిదినములలో అంచు లేచును. సరియైన పూస గోటిపై పెట్టినంతనే గుమ్మటమువలె నిలిచి, క్షణకాలమునకు మెల్లగా సడలి, అంచులు తామే మెత్తబడును. ఈ తారతమ్యమును మాటలతో నెంత చెప్పినను తెలియదు, చూచియే నేర్వవలెను. అందుచేత నేను పిల్లలకు టిప్పు నీయక, పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితమొకటి యిచ్చి, దానిపై వరుసలుగా పూసలనే పెట్టుమందును. వాటిని తట్టరాదు, దిద్దరాదు. పెట్టి, సడలుట చూచి, పక్కన మఱియొకటి పెట్టవలెను. వరుస చివరకు వచ్చునప్పటికి మొదటి పూసకును చివరి పూసకును పరిమాణములో భేదము లేనినాడు ఆ బాలిక టిప్పును తాకవచ్చును. ఈ సాధన విసుగు పుట్టించును. విసుగు పుట్టినను మానరాదని చెప్పుటకే నేనున్నాను.

టిప్పులపై పూసలను అమర్చుట వచ్చిన పిమ్మట గోటిని ముందునుండి, పక్కనుండి, కొననుండి చూచుట నేర్పవలెను. గోటికి భారము మోయు ఎత్తైన భాగమొకటి కలదు. అది గోరు వ్రేలిని విడుచు తావునకు కొంచెము వెనుక నుండవలెను. దానిని ముందునకు జరిపినచో గోరు పొడవుగా కనబడును గాని తగిలినంతనే విఱుగును. టాప్ కోట్ వేసిన పిదప దీపపుకాంతి గోటిపై గీతగా పడునప్పుడు ఆ గీత ఎక్కడను వంకర తిరుగక సాగినయెడల, ఉపరితలము సమముగానున్నదని తెలియును. ఇంతకంటె నమ్మదగిన పరీక్షకుని నేను చూడలేదు.

ఇంతవఱకు చెప్పినదంతయు ప్రాణములేని వస్తువులపై చేయదగినదే. కాని ఈ వృత్తియందు మిక్కిలి అవసరమైన సాధన యొకటి ప్లాస్టిక్‌పై సాధ్యము కాదు. అది వేసినదానిని తీయుట. జెల్ పాలిష్‌నైనను, అక్రిలిక్‌నైనను తీయుటకు అసిటోన్ కావలెను. ఆ యసిటోన్ తగిలినంతనే సాధనకు వాడు ప్లాస్టిక్ టిప్పు సైతము మెత్తబడి కరగిపోవును. అందుచేతనే గాబోలు పెక్కు శిక్షణాలయములయందు వేయుటకు వారములు, తీయుటకు ఒక మధ్యాహ్నము కేటాయింపబడుచున్నవి. నా మతమున ఇది తలక్రిందులైన క్రమము. గోళ్లు పాడగుట వేయునప్పటికంటె తీయునప్పుడే యెక్కువ. పైపొర మెఱుపును ఆకురాయితో తొలగించి, అసిటోన్‌తో తడిపిన దూదిని పెట్టి, రేకు చుట్టి, 10 నుండి 15 నిమిషములు కాచి, మెత్తబడినదానిని కఱ్ఱపుల్లతో తేలికగా నెట్టి, రానిచో బలము చూపక మఱల చుట్టి కాచుకొనుట విధానము. కాచుటకు ఓపిక లేక గోకినను, పెరికినను గోటిపొరలుకూడ దానితో వచ్చును. గట్టి జెల్ అసిటోన్‌కు కరగదు. దానిని ఆకురాయితో పలుచన చేసి, గోటిని తాకకమునుపే ఆగవలెను. ఆ ఆగవలసిన తావును చేతికి తెలుపునది సాధనయే.

కావున విద్యార్థిని తన గోళ్లపైననే, ఒకటి రెండు వ్రేళ్లకు మాత్రము వేసి, తీసి, తీసినపిమ్మట గోటి రంగును, నునుపును పరీక్షించుకొనవలెనని నేను కోరుదును. తీయునప్పుడు తెలియునది వేయునప్పుడు తెలియదు: ఎచ్చట గాలి చిక్కినది, ఎచ్చట నూనె తుడువక మిగిలినది, ఎచ్చట చర్మమునకు తగిలినది, అన్నియు బయటపడును. ఐతే వేయుట నేర్చుటకు మాత్రము స్వంతచేయి అంతగా పనికిరాదు. బల్లపై నుంచిన మన చేతివ్రేళ్లు మననుండి అవతలికి చూచుచుండును. ఎదుట కూర్చున్నామె వ్రేళ్లు మనవైపు చూచుచుండును. ఒకదానిపై నేర్చిన కోణము రెండవదానికి తలక్రిందగును.

ఇక విద్యార్థిని తన చర్మమును గూర్చి. దీపముక్రింద పూర్తిగా గట్టిపడని జెల్ చర్మమునకు పదేపదే తగిలినయెడల ఎలర్జీ కలుగవచ్చును. ఒకసారి కలిగినది సాధారణముగా జన్మాంతము వదలదు, పిమ్మట దంతవైద్యుడు వాడు ఇదే జాతి పదార్థములుకూడ పడకపోవచ్చును. హేమా అను రసాయనము గల గోళ్ల ఉత్పత్తులను యూరోపియన్ యూనియన్ 2020లో వృత్తినిపుణుల వాడుకకే పరిమితము చేసినది. టీపీఓ అను మఱియొక పదార్థమును 2025 సెప్టెంబరు 1 నుండి నిషేధించినది. చవుకగా దొరకునని పేరులేని సీసాలు కొని యింటివద్ద సాధన చేయు పిల్లలను చూచినపుడు నాకు నిజముగా భయము కలుగును. ఇతరులకంటె ఎక్కువగా ఆ పదార్థములను తాకువారు నేర్చుకొనుచున్నవారే గదా! చేతొడుగులు ధరింపవలెను, తఱచు మార్చవలెను, సీసాపై వ్రాసినది చదువవలెను.

చదువుట యనగానే తెలుగుమాధ్యమమున చదివిన పిల్లలు ఈ వృత్తిలోని పదములన్నియు ఇంగ్లీషువని వెనుదీయుదురు. వారికి నేను చెప్పు ఉదంతమొకటి కలదు. 1975లో సైగాన్ పతనానంతరము కాలిఫోర్నియాలోని శాక్రమెంటో సమీపమున శరణార్థుల శిబిరమునకు టిప్పీ హెడ్రెన్ అను చలనచిత్రనటి సహాయార్థము వచ్చెను. అచ్చటి వియత్నాం స్త్రీలు ఆమె గోళ్లను ఆశ్చర్యముతో చూచుట గమనించి, ఆమె తన గోళ్లను తీర్చు నిపుణురాలిని పిలిపించి ఇరువదిమంది స్త్రీలకు ఆ పనిని నేర్పించెను. స్వదేశమును, స్వభాషాపరిసరమును పోగొట్టుకొనిన ఆ స్త్రీలు చేతిని చూచి చేతితో నేర్చిరి. నేడు అమెరికాయందలి ఈ వృత్తిలో వియత్నామీయులదే ప్రధానస్థానము. కనుక పదములకు భయపడనక్కరలేదు. ఐనను ఆ పదములను నేర్వకుండుటకు ఇది సాకు కారాదు.

అమెరికాయందు లైసెన్సు పొందుటకు న్యూయార్క్‌లో 250 గంటలు, కాలిఫోర్నియాలో 400 గంటలు, టెక్సాస్‌లో 600 గంటలు శిక్షణ కావలెను. మన దేశమున అట్టి నిర్బంధము లేదు. హైదరాబాదులోను, విజయవాడలోను కొలది వారముల పాఠముతో పత్రము చేతికి వచ్చును. అట్లని పిల్లలను నిందింపజాలను. సంపాదన వారికి అవసరము. పత్రము వచ్చినపిమ్మటనైనను సాధన ఆగకుండ చూచుకొనవలసినది వారే.

అందుకు నేను చెప్పునది ఒక నోటుపుస్తకము. మొదట తమ చేతిని చాచిన స్నేహితురాండ్రకు, బంధువులకు ఉచితముగా చేసి పంపివేయక, రెండు వారములకు తప్పక మఱల రమ్మని మాట తీసికొనవలెను. వచ్చినపుడు పదివ్రేళ్లను ఒక్కొక్కటిగా చూచి వ్రాసికొనవలెను. మూలముకడ లేచినచో గోటిని సిద్ధపఱచుటయందో, పూస చర్మమునకు తగులుటయందో లోపము. కొన విఱిగినచో ఎత్తైన భాగము తప్పినది. జెల్ గట్టిపడునప్పుడు మండెనని ఆమె చెప్పినచో పొర మందమైనది, లేదా క్రింది గోరు అప్పటికే పలుచనైనది. గోరు పచ్చబడినను, ఊడినను, నల్లని నిలువుచారయున్నను రంగు వేయక వైద్యునివద్దకు పంపవలెను. గోటిచుట్టు సజీవచర్మమును కత్తిరించినచోట గోరుచుట్టు వచ్చినదా యని ప్రత్యేకముగా అడుగవలెను, ఏలయన మొగమాటముచేత వారు తామై చెప్పరు. ఆ పుటయందు ఏ లోపము ఎక్కువసారులు కనబడునో, వచ్చు వారపు సాధన దానినుండి ఎంచుకొనవలెను, ఫోనులో నూతనముగా వచ్చిన పూవునుండి కాదు.