ఎదురొచ్చే మనిషి ఉన్న ఊరు

ఎస్పెరాంతో ప్రపంచ మహాసభ ఏటా ఒక నగరంలో, సాధారణంగా జులై ఆఖరున గానీ ఆగస్టు మొదట్లో గానీ, వారం రోజులపాటు జరుగుతుంది. ఎస్పెరాంతో ఏ దేశానికీ సొంత భాష కాదు. సభకు వచ్చేవాళ్లలో దాదాపు అందరూ దాన్ని ఇష్టపడి విడిగా నేర్చుకున్నవాళ్లే. అందువల్ల సభ జరిగే నగరం ఆ భాషకు రాజధానీ కాదు, పుణ్యక్షేత్రమూ కాదు. పెళ్లివారికి విడిది ఎలాగో ఆ ఏడాది సభకు ఆ ఊరు అలాగ. ఉపన్యాసాలు ఎన్ని ఉన్నా, వెళ్లినవాళ్ల పనిలో సగం ఆ ఊరిని చూడటమే. అందుకు నూరేళ్లకు పైగా ఒక పద్ధతి కుదురుకుంది.

ఈ వారం ఆ పద్ధతి ప్రస్తావనకు రావడానికి కారణం హైదరాబాద్ శివారు గండిమైసమ్మ చౌరస్తాలో వెలిసిన ఒక ఫ్లెక్సీ. అయిదు రోజుల్లో నాలుగు దేశాలు, మూడు పూటలా మన భోజనం, వెంట తెలుగు గైడు అని దాని మీద ఉంది. నర్సాపూర్ వైపు, మియాపూర్ వైపు, మేడ్చల్ వైపు వెళ్లడానికి నిలబడ్డవాళ్లెవరూ దాన్ని తప్పించుకోలేరు. గుంపు ప్రయాణాలంటే ఈ శీర్షికకు మొదటినుంచీ పడదని పాఠకులకు తెలుసు. జెండా పట్టుకున్న గైడు వెనకాల నడిస్తే ఊరు చూసినట్టు కాదని ఇక్కడ ఎన్నోసార్లు రాసిందే. ఆ వాదనకు సాక్ష్యం కావాలంటే ఎస్పెరాంతో సభను మించింది దొరకదనిపిస్తుంది.

ఈ భాషను తయారుచేసిన ఎల్.ఎల్. జమెన్‌హాఫ్ కంటి వైద్యుడు. 1859లో, అప్పటి రష్యా సామ్రాజ్యంలోని బియాలిస్టోక్‌లో పుట్టాడు. యిద్దిష్, పోలిష్, రష్యన్, జర్మన్ మాట్లాడేవాళ్లు ఆ ఊళ్లో పక్కపక్క వీధుల్లో ఉంటూనే ఒకరినొకరు నమ్మేవారు కాదు. ఎవరి సొత్తూ కాని భాష ఒకటి మధ్యలో ఉంటే ఆ పగ తగ్గుతుందని ఆయన ఆశ. మొదటి పుస్తకం 1887లో వార్సాలో అచ్చయింది. 1905 ఆగస్టులో ఫ్రాన్స్ రేవుపట్టణం బులోన్-స్యుర్-మేర్‌లో జరిగిన మొదటి మహాసభకు 20 దేశాల నుంచి 688 మంది వచ్చారు. అప్పటిదాకా ఎక్కువగా ఉత్తరాల్లో, పత్రికల్లో నడిచిన భాష అన్ని దేశాలవాళ్ల నోట ఒక్కచోట వినబడటం అదే మొదలు. 1914 పారిస్ సభకు 3,700 మందికి పైగా పేర్లు ఇచ్చారు గానీ మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడటంతో అది జరగనే లేదు. ఆఫ్రికాలో మొదటి సభ 2024లో టాంజానియాలోని అరూషాలో జరిగింది. భారతదేశంలో ప్రపంచ సభ ఇంకా జరగలేదు. ఆసియా దేశాల సభ మాత్రం 2008లో బెంగళూరుకు వచ్చింది.

కొత్తవాళ్లకు ఊరు చూపించే ఏర్పాట్లు మూడు. మొదటిది ప్రతినిధుల జాబితా. 1908లో స్విట్జర్లాండ్‌కు చెందిన హెక్టర్ హోడ్లర్ చొరవతో ఏర్పడిన ప్రపంచ ఎస్పెరాంతో సంఘం ఊరూరా ప్రతినిధులను పెట్టుకుంది. ప్రయాణం మీద ఉన్నవాళ్లు ఉత్తరం రాస్తే రైళ్లు, బస, ఊరి సంగతులు చెప్పడం వాళ్ల పని. దానికి జీతం లేదు. రెండోది సభలో భాగంగా నడిచే విహారాలు. కొన్ని పూటలో తిరిగొచ్చేవి. వారం మధ్యలో ఒకరోజు ఉపన్యాసాలు ఆపేసి పొద్దంతా పోయొచ్చేవి మరికొన్ని. స్థానిక నిర్వాహకులు వీటిని చూసుకుంటారు. మూడోది పాస్‌పోర్టా సెర్వో. ఎస్పెరాంతో మాట్లాడే అతిథికి డబ్బు తీసుకోకుండా ఇంట్లో చోటిచ్చేవాళ్ల చిరునామాలు 1974 నుంచి ఈ పేరుతో వస్తున్నాయి. మొదట చిన్న పుస్తకంగా వచ్చేవి, ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉంటాయి.

ఇలాంటి చిరునామాలు మనిషిని ఎంత దూరం తీసుకుపోగలవో వసీలీ ఎరోషెంకో బతుకు చూస్తే తెలుస్తుంది. ఆయన 1890లో రష్యాలోని ఒక పల్లెలో పుట్టాడు. నాలుగేళ్ల వయసులో తట్టు సోకి చూపు పోయింది. మాస్కోలో అంధుల బడిలో చదివి, వాద్యబృందంలో పనిచేసి, ఎస్పెరాంతో నేర్చుకుని, 1912లో లండన్‌లోని అంధుల కళాశాలకు ఒంటరిగా రైలెక్కాడు. దారి పొడవునా ఎస్పెరాంతో మిత్రులు స్టేషన్లకు వచ్చి సాయపడ్డారు. 1914లో టోక్యో చేరాడు. జపనీస్ నేర్చుకుని ఆ భాషలోనే పిల్లల కథలు కట్టాడు. షింజుకులో నాకామురాయా అనే రొట్టెల దుకాణం నడిపే సోమా దంపతులు ఆయనకు ఆశ్రయమిచ్చారు. బ్రిటిష్ ప్రభుత్వం వెతుకుతున్న రాస్ బిహారీ బోసును 1915లో దాచిపెట్టిన ఇల్లు కూడా అదే. నాకామురా త్సునే అనే చిత్రకారుడు 1920లో వేసిన ఎరోషెంకో బొమ్మ టోక్యోలోని జాతీయ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది.

మధ్యలో ఆయన సయాం, బర్మా, భారతదేశం తిరిగాడు. బర్మాలో మౌల్మేన్ అంధుల బడిలో పనిచేశాడు. 1921లో జపాన్ ప్రభుత్వం దేశం నుంచి పంపేసింది. మరుసటేడు బీజింగ్ విశ్వవిద్యాలయంలో ఎస్పెరాంతో చెప్పడానికి వెళ్లి, రచయిత లూ షున్ ఇంట్లో ఉన్నాడు. అక్కడినుంచే ఆ ఏడు హెల్సింకి మహాసభకు వెళ్లొచ్చాడు. 1923లో చైనా విడిచి వెళ్లి, నూరెంబర్గ్ సభలోనూ కనిపించాడు.

బీజింగ్ రోజుల మీద లూ షున్ 1922లో ఒక కథ రాశాడు. అందులో ఎరోషెంకో ఆ నగరం ఎడారిలా నిశ్శబ్దంగా ఉందని వాపోతాడు. బర్మాలో రాత్రయితే పురుగులూ కప్పలూ ఊరంతా మోగించేవని తలుచుకుంటాడు. పెద్దవై అరుస్తాయన్న ఆశతో తోకకప్పలను తెచ్చి ఇంటి ముంగిట్లోని నీటిగుంటలో వదులుతాడు. ఆ తరువాత కొన్న బాతుపిల్లలు వాటిని కాస్తా తినేస్తాయి. చూపు లేని మనిషి ఊరిని చెవితోనే చూడాలి. టోక్యోలో ఆయనకు వీధి భాష తెలుసు. బీజింగ్‌లో ఆదరించే ఇల్లు దొరికింది, ఆ ఇంటివాళ్లకు జపనీస్ వచ్చు, కానీ గడప దాటితే చైనీస్. బర్మా కప్పలను వినడానికి ఏ భాషా అక్కర్లేదు. ఒక ఉమ్మడి భాష మనిషిని గడప దాకా క్షేమంగా చేర్చగలదు. అవతలి వీధిని వినిపించడం దాని చేతిలో లేదు.

తెలుగువాళ్లకూ భాష పేరు మీద పరాయి దేశం వెళ్లిన అనుభవం ఉంది. మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు 1975లో హైదరాబాద్‌లో జరిగితే, రెండోవి 1981లో కౌలాలంపూర్‌లో, మూడోవి 1990లో మారిషస్‌లో జరిగాయి. ఇక్కడ కలిపేది అమ్మభాష కాబట్టి ఊరు ఇంకా సులువుగా అందాలి. మారిషస్‌లో లెక్క అలా ఉండదు. 19వ శతాబ్దంలో కోరంగి వంటి రేవుల నుంచి చెరకు తోటల కూలికి వెళ్లినవాళ్ల సంతతి ఇళ్లలో ఎక్కువగా నడిచేది క్రియోల్. తెలుగు బడిలోనూ గుడిలోనూ నిలిచింది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. రామభజనం, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ ఇప్పటికీ చేస్తారు. మైసమ్మ పేరే ఊరి పేరైన చోటి నుంచి, ఇంట్లో బోనం ఎత్తే అలవాటుతో వెళ్లినవాళ్లకు అమ్మోరు పండుగ అంటే ఏమిటో విడమరచనక్కర్లేదు. మాట తడబడినా ఎవరింటికి వచ్చామో తెలుస్తుంది.

ఇంతా చూశాక ఆ మూడు ఏర్పాట్లను మళ్లీ తూస్తే ఈ శీర్షిక పాత వాదనకు సాక్ష్యం దొరకడం లేదు. సభ విహారం కూడా గుంపు ప్రయాణమే. బస్సు ఉంటుంది, జెండా ఉంటుంది, ముందు నడిచి చెప్పే మనిషి ఉంటాడు. అందరూ తమ భాషలోనే మాట్లాడుకుంటూ తిరుగుతారు. తేడా ఆ చెప్పే మనిషిలో ఉంది. చాలాసార్లు ఆ మనిషి ఆ చుట్టుపక్కల కాపురమున్నవాడే. వచ్చే ఏడు ఇంకో దేశానికి తానే అతిథిగా వెళ్తాడు. ఇవాళ స్టేషన్‌కు ఎదురెళ్లినవాళ్ల కోసం రేపు మరో ఊళ్లో ఇంకొకరు ఎదురొస్తారు. జీతం లేని ఆ జాబితా ఇన్నేళ్లు నడవడానికి కారణం ఈ చేబదులే.

గండిమైసమ్మకు అవతలి రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్ల విషయంలోనూ ఇదే జరుగుతోంది. ఒడిశా, బిహార్ నుంచి ఫ్యాక్టరీ పనులకూ అపార్ట్‌మెంట్ల పనులకూ వచ్చేవాళ్లు గుంపుగానే వస్తారు. వాళ్ల ఊరివాడు ఒకడు ముందే ఇక్కడ ఉంటాడు. అద్దె గది, కిరాణా కొట్టు, పనికి తీసుకుపోయే ఆటో, జ్వరమొస్తే పోవాల్సిన చోటు అతనే చూపిస్తాడు. తెలుగు మాటలు కలిసిన హిందీతో మిగతా పని జరిగిపోతుంది. ఏ మహాసభా లేకుండానే వాళ్లు నెల తిరిగేసరికి ఊరు తెలుసుకుంటారు.

కాబట్టి గుంపును తప్పుపట్టి లాభం లేదు. ఫ్లెక్సీ ప్రయాణంలో లోపం గైడు ఇక్కడినుంచే వెంట వెళ్లడం, నాలుగు దేశాల్లో ఒక్కచోటా ఎదురొచ్చేవాళ్లు లేకపోవడం. ఎస్పెరాంతో సభకైనా, తెలుగు సభకైనా, మామూలు టూరుకైనా బయల్దేరేవాళ్లు చేయగలిగిన పనులు కొన్నే. వెళ్లకముందే అక్కడి ఒక మనిషికి రాసి, తీరిక ఎప్పుడో అడగాలి. కోటలూ మ్యూజియంలూ టికెట్ కొంటే ఎవరికైనా కనబడతాయి గనక, ఆ మనిషి రోజూ కూరగాయలు కొనే చోటు, పనికెళ్లే దారి చూపించమనాలి. పలకరింపులు, అంకెలు, ధర అడిగే మాట స్థానిక భాషలో నేర్చుకుని వెళ్లాలి. తిరిగొచ్చాక, ఆ మనిషో అతని తాలూకువాళ్లో హైదరాబాద్ వస్తే ఎదురెళ్లడానికి తయారుగా ఉండాలి.