చూపు ఎత్తు

రైఫిలుపై దుర్భిణిని గొట్టమునకు ఎంత దగ్గరగా బిగించిన అంత మేలని గురికాండ్ర నోట తరచుగా వినవచ్చును. ఈ సూత్రము నిరాధారమైనది కాదు. అయినను, ఉక్కు కర్మాగారపు యంత్రశాలలో ఉద్యోగజీవితమును గడిపి, విశ్రాంతి లభించిన పిమ్మట విశాఖపట్నపు కళాశాల విద్యార్థులకు రైఫిలు సాధనలో తోడ్పడుచు వచ్చిన నాకు, ఇది తుపాకిని మాత్రమే చూచి, దానిని పట్టు మనుష్యుని చూడనివారు చేసిన సూత్రముగా తోచును. చెక్కిలి ఎముకకును కంటిపాపకును నడుమ గల దూరము, మెడ పొడవు, భుజముల తీరు, ఇవియే ఆ ఎత్తును నిర్ణయించవలసినవని నా దృఢవిశ్వాసము.

మా యంత్రశాలలో మోటారును గేరుపెట్టెకు జోడించునప్పుడు, మోటారు పాదముల క్రింద పలుచని షిమ్ములను ఒక్కొక్కటిగా దూర్చి, రెండు ఇరుసులును ఒకే గీతపై నిలుచువరకు లేపుచుండెడివారము. ఆ ఎత్తు పునాదిని బట్టి ఏర్పడునది కాదు. మోటారు ఏ ఇరుసుతో కలియవలెనో దానిని బట్టి ఏర్పడును. తుపాకి విషయమున ఆ ఇరుసు కన్ను.

లెక్కను చూచి జంకువారు పలువురు గలరు గనుక దానిని ముందుగా తేల్చెదను. గొట్టపు నడిగీతకును చూపు సాగు గీతకును నడుమనుండు దూరమునే ఇచట ఎత్తు అనుచున్నాను. గుండు గొట్టమును విడిచిన క్షణము నుండియే భూమ్యాకర్షణకు లోబడి జారును కావున, గొట్టమును చూపుగీత కంటె లేశమాత్రము పైకెత్తి ఉంచుదురు. క్రిందినుండి బయలుదేరిన గుండు సాధారణముగా చూపుగీతను ఒకమారు దాటి పైకిపోయి, మరల దిగివచ్చి, మనము గురి సరిచేసికొన్న దూరమున దానిని కలియును. 50 మీటర్లకు సరిచేసిన పాయింట్ టూ టూ రైఫిలుపై దుర్భిణిని 12 మి.మీ. పైకి జరిపి, మరల ఆ 50 మీటర్లకే సరిచేసితిమేని, 25 మీటర్ల వద్ద గుండు మునుపటి కంటె 6 మి.మీ. దిగువను, 100 మీటర్ల వద్ద 12 మి.మీ. ఎగువను తగులును, 50 మీటర్ల వద్ద భేదమే యుండదు. నియతమైన దూరమున నిలిచిన కాగితపు లక్ష్యమును కాల్చు విద్యార్థికి ఈ లెక్కతో పనియే లేదు.

దుర్భిణి ఎత్తైనకొలది తుపాకి ఒరిగినప్పటి దోషము పెరుగునను భయము మరియొకటి కలదు. గురి సరిచేసికొన్న దూరమున ఇదియు నిజము కాదు. అచట గుండు ప్రక్కకు తొలగుట, అంత దూరము పోవులోపల అది ఎంత జారునో, తుపాకి ఎంత ఒరిగినదో, ఈ రెంటిపై మాత్రమే ఆధారపడును. సెకనుకు 170 మీటర్ల వేగముతో వెడలిన ఎయిర్ రైఫిలు పెల్లెట్టు 10 మీటర్లు పోవులోపల సుమారు 17 మి.మీ. జారును; తుపాకి 5 డిగ్రీలు ఒరిగెనేని అది దాదాపు మిల్లీమీటరున్నర ప్రక్కకు పోవును. దుర్భిణి దిగువనున్నను ఎగువనున్నను అంతియే. 10 మీటర్ల పోటీ లక్ష్యములో పది అను చుక్క వ్యాసము అర మిల్లీమీటరు మాత్రమే యగుట చేత, ఆ మిల్లీమీటరున్నర స్వల్పము కాదు. తుపాకి ఒరుగుటకు తరచుగా కారణము, చూపు అందక తలను వంచవలసి వచ్చుటయే.

కావున పరీక్ష తుపాకికి గాక శరీరమునకు పెట్టవలెను. కన్నులు మూసికొని, రైఫిలును భుజమున ఆనించి, చెక్కిలిని తుపాకి మడమపై తనంత తానుగా వాలనిచ్చి, ఒకటి రెండు మారులు ఊపిరి విడిచి, పిమ్మట కన్నులు తెరువవలెను. దుర్భిణిలోని వృత్తము అంచునుండి అంచువరకు నిండుగా కనబడిన ఎత్తు కుదిరినట్లు; మీదనో క్రిందనో అర్ధచంద్రాకారపు నీడ క్రమ్మిన కుదరనట్లు. కుదరని ఎత్తుకు తలను అలవాటు చేసికొనుడని చెప్పు శిక్షకులున్నారు. అది పిల్లలకు చేయు అన్యాయమని నేననుకొందును. చెక్కిలి మడమను వీడి గాలిలో నిలిచెనేని కన్ను ప్రతి గుండుకును వేరొకచోట ఉండును. ఇట్లు కన్ను కదలుట కొన్ని దుర్భిణులలో మరింత చేటు. వేటరైఫిళ్ల దుర్భిణులు సాధారణముగా 100 గజములకు సరిచేయబడి వచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో మన మన్యపు కొండలలో వేటకు కాలము చెల్లినను, అట్టి దుర్భిణులు మాత్రము నేటికిని కొందరి చేతులలో గలవు. వానిని 10 మీటర్ల గదిలో వాడునప్పుడు, కన్ను కొంచెము కదలినంతనే అడ్డుతీగెలు లక్ష్యముపై ప్రాకునట్లగుపించును. దీనినే పారలాక్స్ అందురు.

దుర్భిణి మరీ దిగువనున్న కలుగు బాధను గూర్చి వ్రాసినవారు తక్కువ. చెక్కిలిని మడమలోనికి అదుమవలసి వచ్చును, మెడ కుంగును. కళ్లద్దములు ధరించు విద్యార్థికి ఇది మరింత కష్టము. తల ముందునకు వంగగా, చూపు అద్దపు నడిభాగమునుండి గాక పై అంచునుండి పోవును. అచట బొమ్మ వంకర తిరుగును, ఒక్కొక్కప్పుడు చట్రమే అడ్డు వచ్చును. కన్ను మందగించినదని వైద్యుని యొద్దకు పంపబడిన పిల్లలలో కొందరికి దుర్భిణిని కొంచెము లేపినంతనే అంతయు తేటపడుట నేనెరుగుదును.

ఇక దుర్భిణిని పట్టియుంచు రింగులను కొనుట. ముందరి అద్దము 40 మి.మీ. దైనచో దాని వెలుపలి గుండ్రని అంచు 48 మి.మీ. వరకు ఉండవచ్చును, అందులో సగము 24, గొట్టమునకు తగులకుండ రెండు మూడు మిల్లీమీటర్లు, మూత పెట్టుటకు మరికొంత చోటు. దిగువ హద్దు ఇది. బోల్టు పిడి పైకి లేచునప్పుడు కంటి వైపు అంచునకు కొట్టుకొనరాదు, ఇది రెండవ హద్దు. రింగు ఎత్తును ఒక తయారీదారుడు దాని నడిబిందువు వరకును, మరియొకడు దుర్భిణి ఆను అడుగు వరకును కొలుచును, 25.4 మి.మీ. దుర్భిణి గొట్టమునకు ఈ రెండు కొలతలకు భేదము 12.7 మి.మీ. కావున పెట్టెపై వ్రాసిన అంకెను నమ్ముటకు ముందు అది ఎచటినుండి ఎచటి వరకు కొలిచినదో విచారించుడు.

దుర్భిణిని ఎచట నిలుపవలెనను చిక్కు పెద్ద సైన్యములకును తప్పలేదు. మొదటి ప్రపంచ యుద్ధమున బ్రిటిషువారు, పైనుండి క్లిప్పుతో గుండ్లు దింపుటకు దారి మూసికొనిపోకుండ, లీ-ఎన్‌ఫీల్డు రైఫిళ్లపై దుర్భిణులను ఎడమ ప్రక్కకు జరిపి బిగించిరి. ఉక్కుపలక చాటున ఇరుకు రంధ్రమునుండి కాల్చువానికి, గొట్టము రంధ్రములో దూరినను ప్రక్కనున్న దుర్భిణికి పలకయే కనబడుచుండెను. ఆ యుద్ధమున గురికాండ్రకు శిక్షణ నిచ్చిన హెస్కెత్-ప్రిచర్డ్ 1920లో ప్రకటించిన గ్రంథములో ఈ ఏర్పాటును తీవ్రముగా నిరసించెను. రెండవ యుద్ధము నాటికి దుర్భిణిని గొట్టమునకు సూటిగా పైకి తెచ్చిరి. అది ఎత్తైనది గనుక మడమపై కొయ్యతో చేసిన చెక్కిలి దిండును మరలతో బిగించిరి. మన సైన్యము వాడుచున్న ద్రగునోవ్ రైఫిలు మడమపైనను ఇట్టి దిండు గలదు, కావలసినప్పుడు ఊడదీయవచ్చును. దుర్భిణిని ఉన్నచోటనే ఉంచి చెక్కిలిని లేపుట ఈ పరిష్కారము. నాకు మిక్కిలి నచ్చినదియు ఇదియే. మడమకు తోలుతొడుగు వేసి, దాని లోపల నురుగురబ్బరు పొరలను ఒక్కొక్కటిగా చేర్చుచు పోయిన, ఖరీదైన రింగులను మార్చనక్కరలేదు.

పోటీ ఎయిర్ రైఫిలుపై దుర్భిణికి అనుమతి లేదు. ఉండునది సన్నని రంధ్రపు చూపు మాత్రమే. 2012లో లండను ఒలింపిక్సులో కాంస్యపతకము గెలిచిన మన హైదరాబాదు వాడు గగన్ నారంగ్ చూచినదియు అట్టి రంధ్రమునుండియే. అయినను ఎత్తు సమస్య అచట ఇంకను సున్నితమైనది. నిలుచుండి కాల్చునప్పుడు తల నిటారుగా నుండవలెను. బోర్లపడుకొని కాల్చునప్పుడు అది ముందునకు సాగును. అందుచేత 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో పాల్గొనువారు భంగిమ మారినప్పుడెల్ల చెక్కిలి పలకను, పలువురు చూపు క్రింది దిమ్మెలను సైతము, మార్చుకొందురు.

మన ఊరిలో దీనికి తోడు సముద్రపు గాలి యొకటి. ఉక్కు పునాదిపై అల్యూమినియము రింగులను బిగించినచో, ఉప్పుతేమ వలన వాని నడుమ తెల్లని పొడి పేరుకొనును, మరలు పట్టుకొనిపోవును. కావలసిన దినమున ఎత్తు మార్చుటకు వీలుండదు. నూనెగుడ్డతో తుడిచి, వర్షాకాలమునకు ముందు ఒకమారు విప్పి బిగించుట అవసరము.

విశాఖ శిక్షణశాలలకు నేను చేయు విన్నపము చిన్నది. ఒకే రైఫిలును పలువురు పిల్లలు పంచుకొనుచున్నారు. వారందరును ఎదుగు వయసువారు, ఆరు నెలలలో మెడ, భుజము, దవడ మారిపోవుచున్నవి. ప్రతి బాలునికి, ప్రతి బాలికకు ఒక పుట చొప్పున నోటుపుస్తకము ఉంచి, దిమ్మె ఎత్తు, చెక్కిలి పలక గుర్తు, కళ్లద్దములు గలవో లేవో అందులో వ్రాయుడు. ప్రతి సెలవుల అనంతరము కన్నులు మూయించి పరీక్ష మరల పెట్టుడు. దిమ్మెలు కొనలేనివారు ఉక్కునగరములోనో గాజువాకలోనో చేయి తిరిగిన టర్నరునకు కొలత ఇచ్చి చేయించుకొనవచ్చును; పై, అడుగు తలములు సమానాంతరముగా ఉండవలెనని మాత్రము గట్టిగా చెప్పుడు.